విడిచిపెట్టుట కూడ వ్రతమే



నేను పండితుడను కాను. బెంగుళూరు పేటలో గుడ్డల వ్యాపారము చేసికొనువాడను. మునిమహారాజుల వ్యాఖ్యానములలో విన్నది, నా హైస్కూలు చదువుతో గ్రంథములు చూచి తెలిసికొన్నది కలిపి, ఒక విషయమును మీ ముందు పెట్టుచున్నాను. విషయము వినుటకు చిన్నది. కొందరికి రోతగా కూడ తోచవచ్చును. అది మన ఇంటి చెత్తబుట్ట. ధర్మప్రసంగములో చెత్తబుట్టకేమి పని అని అనవద్దు. మన ఆచార్యులు దానిని రోతగా తలచలేదు. దానికొక సమితినే ఏర్పరచినారు.

మునుల మహావ్రతములకు తోడుగా అయిదు సమితులున్నవి గదా. నడచునపుడు పాటించు జాగ్రత్త ఈర్యా సమితి. మాటాడునపుడు పాటించునది భాషా సమితి. ఆహారము స్వీకరించునపుడు ఏషణా సమితి. వస్తువును తీయునపుడు, పెట్టునపుడు ఆదాన నిక్షేపణ సమితి. ఇక అయిదవది, తనకు అక్కరలేనిదానిని విడిచిపెట్టునపుడు పాటించు జాగ్రత్త. ఉమాస్వాతి ఆచార్యులవారు తత్త్వార్థసూత్రములో దీనిని ఉత్సర్గ సమితి అన్నారు. కుందకుందాచార్యులవారు నియమసారములో ప్రతిష్ఠాపన సమితి అన్నారు. పేరు వేరైనను భావమొక్కటే.

కుందకుందాచార్యులవారు మన తెలుగునేలకు చెందినవారని, గుంతకల్లు దగ్గరి కొనకొండ్లతో వారికి సంబంధమున్నదని పరంపరగా చెప్పుకొనుచున్నాము. ఆ మహానుభావుడు విడిచిపెట్టు స్థలమునకు మూడు లక్షణములు చెప్పినారు. స్థలము ప్రాసుకము కావలెను, అనగా అక్కడ జీవహింస జరుగరాదు. మరుగైనది కావలెను. ఇతరులకు అడ్డు, అభ్యంతరము లేనిది కావలెను. ఇంకొక విశేషము గమనించండి. గుడిలో జినబింబమును నిలుపుటకు ప్రతిష్ఠ అను మాట వాడుదుము. అక్కరలేనిదానిని విడుచుటకు కూడ ఆచార్యులు ఆ మాటనే వాడినారు. అనగా దానిని పారవేయుట కాదు, తగిన చోట నిలుపుట.

ఇది మునులకు చెప్పినది, సంసారులమైన మనకెందుకు అని కొందరు అడుగవచ్చును. మునులకు మహావ్రతమైనది మనకు అణువ్రతమైనట్లే, వారి సమితి కూడ మన శక్తికొలది మనకు వర్తించును. అంతే కాదు. శ్రావకుని గుణవ్రతములలో అనర్థదండ విరతి ఉన్నది. ప్రయోజనము లేని పాపమును చేయకుండుటయే దాని అర్థము. సమంతభద్రాచార్యులవారు రత్నకరండ శ్రావకాచారములో ప్రమాదచర్యను దాని క్రింద చేర్చినారు. అజాగ్రత్తగా భూమిని, నీటిని, నిప్పును, గాలిని, చెట్టుచేమలను బాధించుట ప్రమాదచర్య. దానివలన మనకొక పైసా లాభము లేదు, నోటికొక రుచి లేదు. వట్టి అలక్ష్యమే. చెత్తను కలిపి పారవేయుట కంటె దీనికి మంచి ఉదాహరణ నాకు కనబడలేదు.

మన పెద్దమ్మలు, నాయనమ్మలు ఈ సమితిని పుస్తకములు చదువకనే ఆచరించినారు. నీరు వడగట్టిన తరువాత ఆ గుడ్డలో చిక్కిన సూక్ష్మజీవులను వారు నేలమీద దులిపెడివారు కారు. ఏ బావి నీరో ఆ బావిలోనికే మెల్లగా చేర్చెడివారు. ఇక్కడనే మొత్తము సూత్రమున్నది: మిగిలినది ఏదైనను అది వచ్చిన చోటికే తిరిగి చేరవలెను. కాయగూరల తొక్క మట్టినుండి వచ్చినది, మట్టికి పోవలెను. కాగితము కాగితపు మిల్లుకు, ఇనుము కొలిమికి, గాజు గాజుబట్టీకి పోవలెను. దారిలో దేనినీ చంపకుండ, ఎవరినీ బాధింపకుండ పోవలెను.

ఇప్పుడు మన బెంగుళూరులో జరిగినదేమో చూడండి. 2011 జనగణన నాటికే నగరపాలికె హద్దులలో 84 లక్షల మంది ఉండిరి. ఇంతమంది ఇళ్ళనుండి వచ్చినది చాలకాలము కలగలుపుగానే లారీలెక్కి ఊరిబయటి పల్లెలకు పోయినది. ఉత్తరదిక్కున మావళ్ళిపుర, తూర్పుదిక్కున మండూరు ఆ విధముగా చెత్తకొండలైనవి. 2012లో మావళ్ళిపుర మూతబడినది. అప్పుడు నగరపు వీధులలో చెత్త గుట్టలుగా పేరుకొన్న సంగతి మీలో చాలామంది కన్నులారా చూచినదే. భారమంతయు మండూరు మీద పడినది. ఆ గ్రామస్థులు రోడ్డుమీదికి వచ్చి లారీల నాపినారు. చివరకు 2014 డిసెంబరు మొదటి తేదీనుండి అక్కడికి చెత్త పంపుట ఆగినది.

ఆచార్యులవారు చెప్పిన మూడు లక్షణములతో ఆ కొండలను పరీక్షించి చూడండి. ప్రాసుకమా? షట్కాయ జీవులలో ఒక్కదానినైనను అవి విడువలేదు. భూమి విషమైనది, పృథ్వీకాయమునకు హింస. కుళ్ళినదాని నల్లని రసము కారి భూమిలోనికి దిగినది, బావులు చెడినవని గ్రామస్థులు మొరపెట్టినారు, అప్కాయమునకు హింస. కుళ్ళుచున్న చెత్తలో పుట్టిన వాయువు తనంతట తానే అంటుకొన్నది, తేజస్కాయమునకు, ఆ పొగవలన వాయుకాయమునకు హింస. చుట్టుపట్ల పైరు పాడైనది, వనస్పతికాయమునకు హింస. ఈగలు, పురుగులు, కుక్కలు, పశువులు, మనుష్యులు, ఇక త్రసకాయము సంగతి చెప్పనక్కరలేదు. మరుగా? మైళ్ళ దూరమునకు కంపు. ఇతరులకు అభ్యంతరము లేనిదా? ఊరి జనమంతా రోడ్డుకు అడ్డముగా నిలబడిన చోట ఇంకేమి అభ్యంతరము కావలెను!

మేము మా చేతితో మండూరులో వేయలేదు గదా అని మనము తప్పించుకొనలేము. కృత, కారిత, అనుమోదిత అని మూడు ద్వారములు చెప్పినారు. తాను చేసినది, ఒకరిచే చేయించినది, ఒకరు చేయగా సరేయన్నది, మూడును కర్మబంధమునకు కారణములే. లారీ మనకొరకే పోయినది.

చట్టము తన పని తాను చేసినది. ఈ నగరవాసియైన ఆల్మిత్రా పటేల్ గారు 1996లో సుప్రీంకోర్టుకు పోయినందున 2000లో దేశమంతటికి మునిసిపల్ చెత్త నియమములు వచ్చినవి. 2015 డిసెంబరులో కర్ణాటక హైకోర్టు బెంగుళూరునకు రెండు బుట్టలు, ఒక సంచి పద్ధతిని తప్పనిసరి చేసినది. పచ్చబుట్టలో తడి చెత్త, ఎర్రబుట్టలో డైపర్ల వంటి మైల చెత్త, సంచిలో పొడి చెత్త. 2016 కేంద్ర నియమములు కూడ ఇంటివారే వేరుచేసి ఇయ్యవలెనని చెప్పినవి. 2025 సెప్టెంబరులో నగరమును అయిదు కార్పొరేషన్లుగా చేసినారు. ఆఫీసుల బోర్డులు మారినవి. మన గుమ్మము మాత్రము అదే, మన చేయి అదే. ఆ చేయి బుట్టలో వేయు క్షణములోనే విషయమంతా తేలిపోవును. తరువాత ఎంత పెద్ద యంత్రము పెట్టినను దానిని పూర్తిగా సరిచేయలేదు.

ఎందుకు చేయలేదో వ్యాపారస్థులకు సులభముగా తెలియును. నూరు తానుల బేలులో ఒక తడిగుడ్డ పెట్టి కట్టి పంపండి. ఊరు చేరునప్పటికి బేలంతా బూజు. పాతకాగితమునకు ధర ఉన్నది. సాంబారు పడిన కాగితమునకు లేదు. అల్యూమినియమును ఖనిజమునుండి తీయుటకు పట్టు శక్తిలో ఇరువదవ వంతుతో పాతదానిని కరిగించి మరల చేయవచ్చును. కాని అది కుళ్ళినదాని అడుగున పూడిపోయినచో ఏరునదెవరు? పాలప్యాకెట్టును కడిగి ఆరబెట్టినచో అది నాయండహళ్ళి ప్లాస్టికు బట్టీలవరకు పోయి మరొక వస్తువగును. మూల కత్తిరించునపుడు ఆ చిన్న ముక్కను వేరుచేయక అంటియుండనిచ్చుట మేలు. విడిపోయిన ముక్క ఎవరి చేతికిని చిక్కక మోరీలోనికి పోవును. బిస్కట్లు, చిప్సు వచ్చు మెరిసెడి పొట్లములు పలు పొరలవి. వాటిని మరల వస్తువుగా చేయుట కష్టము. ఎక్కువగా సిమెంటు ఫ్యాక్టరీ కొలిమికే పోవును. వాటికి మందు కొనకుండుటయే.

ఇక ఈ వస్తువులను మోయుచున్న మనుష్యుల సంగతి. మన వీధులు ఊడ్చు పౌరకార్మికులలో అనేకులు మన తెలుగు మాటలాడువారే. రాయలసీమ మాటలో వారు దీనిని కసువు అందురు. చెత్త ఏరుకొని బ్రతుకువారికి కూడ ఈ నగరములో 2011 నుండి గుర్తింపు కార్డు లిచ్చినారు. వార్డులలో ఏర్పడిన పొడి చెత్త కేంద్రములను కొన్నిటిని వారే నడుపుచున్నారు. మన మునులు రజోహరణమును, పించ్ఛికను ఎందుకు ధరింతురు? తాము కూర్చొను చోట, వస్తువు పెట్టు చోట ఒక చీమ కూడ నలుగకుండ ఊడ్చుటకు. ఊడ్చుటను ధర్మముగా స్వీకరించిన మతము మనది. అట్టి మనము చీపురు పట్టిన చేతిని తక్కువగా చూచుట తగునా? ఆ చేతికి మనమిచ్చు సంచిలో పగిలిన గాజుపెంకు, వాడిన సూది, బ్లేడు దాగియున్నచో, చీమను తప్పించిన మన పాదము మనుష్యుని కోసినట్లే గదా.

ఒక పర్యూషణములో స్వామివాత్సల్యము జరిగిన మరునాటి ఉదయము, భోజనశాల వెనుక ఒక పౌరకార్మికురాలు కూర్చొని ఉత్త చేతులతో విస్తరాకులలోనుండి ప్లాస్టికు గ్లాసులు ఏరుచుండగా చూచినాను. ఆమెను పలుకరించగా ఇట్లన్నది: "సేటూ, ఆకులొక పక్క, గ్లాసులొక పక్క వేసుంటే మాకు అరగంట పని. ఇప్పుడు మిట్టమధ్యాన్నమైనా తేలదు." ఆ మాటలో కోపము లేదు, ఫిర్యాదు లేదు. లెక్క మాత్రమున్నది. అయిదువందల మంది సాధర్మికులు ఒక్కొక్కరు ఒక్క క్షణము చేయవలసిన పని, ఒక్క మనిషి చేతిలో పూటంతా పనియైనది. మనము పుణ్యము కట్టుకొన్న విందు ఆమెకు భారమైనది. ఇది ఏ ఒక్క సంఘపు లోపము కాదు, నగరమంతటి వాడుక. కాని అహింసా పరమధర్మము అని గోడమీద వ్రాసికొన్న చోట ఆ వాడుక ఉండరాదు.

గోవు సంగతి మరువరాదు. మనము పాంజరాపోలులకు ఉదారముగా ఇచ్చుచున్నాము. అదే చేతితో మిగిలిన అన్నమును ప్లాస్టికు కవరులో ముడివేసి వీధిలో పెట్టుదుము. ఆవు ముడి విప్పి తినలేదు, కవరుతో మ్రింగును. అది కడుపులో పేరుకొని ప్రాణము తీయును. జీవదయ ఖాతాలో జమ చేసినదానిని చెత్తబుట్టలో ఖర్చు వ్రాయుచున్నామన్న మాట.

మన వారిలో కొందరు భక్తులు నిజాయితీగా అడుగు ప్రశ్న ఒకటున్నది. తడి చెత్తను ఎరువు చేయు కుండీలో పురుగులు పుట్టును గదా, అది జైనుని ఇంటిలో తగునా అని. ఈ సందేహము నవ్వదగినది కాదు. గృహస్థునకు సంకల్పించి చేయు హింస నిషిద్ధము. వంట, ఊడ్పు మొదలైన ఇంటిపనులలో తప్పనిసరిగా జరుగు ఆరంభీ హింసను వీలైనంత తగ్గించుకొనవలెనని చెప్పినారు. కుళ్ళుట మన కుండీవలన కలుగలేదు, మిగిల్చినందువలన కలిగినది. కుండీ పెట్టకున్నను అది మరొక చోట కుళ్ళును, గాలి లేని ప్లాస్టికు ముడిలో ఇంకను ఘోరముగా కుళ్ళును. కావున మొదటి మందు మిగల్చకుండుట. పళ్ళెములో వడ్డించుకొన్నదంతయు తిని, పళ్ళెము కడిగి ఆ నీరు కూడ త్రాగు ఆచారము మనకున్నది. మెతుకు మిగులదు, ఎంగిలిలో జీవోత్పత్తి ఉండదు. ప్రపంచములోని చెత్తశాస్త్రజ్ఞులందరు చెప్పునది ఇదే, తగ్గించుటయే మొదటి మెట్టు అని. రెండవది, తప్పక మిగులు తొక్కలు, దేరాసరపు పూలు ఏ రోజువి ఆ రోజే, కవరు లేకుండ, తడి చెత్త బండి కిచ్చుట. ఇంటిలోనే ఎరువు చేయదలచినవారు తమ గురుమహారాజులను అడిగి వారి ఆజ్ఞ ప్రకారము నడువవలెను. ఆ నిర్ణయము నాబోటి వాని పని కాదు.

ఇక మన సంఘము చేయదగినవి, చేయగలిగినవి నాలుగు మాటలలో మనవి చేయుదును.

మొదటిది వీధి ఏర్పాటు. మన పేటలలో సందులు ఇరుకు; ఆటో టిప్పరు లోపలికి రాదు, తోపుడుబండి రావలెను. బండి వచ్చు వేళ తెలియకనే చాలామంది రాత్రి మూలమీద సంచి పెట్టి పోవుదురు. మూల ఒకసారి చెత్తకుప్పయైనచో దానిని మాన్పుట కష్టము. కావున సందుకొక శ్రావకుడు పూచీ తీసికొని, వార్డు ఆఫీసులో మాట్లాడి, తడి చెత్తకు రోజూ వేళ, పొడి చెత్తకు వారములో రోజులు నిశ్చయము చేయించి, గుమ్మములమీద తెలుగులో, కన్నడములో, హిందీలో వ్రాయించి అంటించవలెను. పనిమనుషులకు చదువు రానిచో నోటితో చెప్పవలెను. బండి రాని రోజున అడుగవలసినది ఆ పూచీదారే.

రెండవది ఇల్లు. మూడు పాత్రలు చాలును. పొడివస్తువులు కడిగి ఆరబెట్టి సంచిలో వేయవలెను. గాజుపెంకులు, సూదులు, బ్లేడ్లు మందపు కాగితములో చుట్టి పైన ఎర్ర సిరాతో గుర్తు పెట్టవలెను. పాత బ్యాటరీలు, ట్యూబులైట్లు కలుపక వేరుగా దాచవలెను. ఎండుటాకులకు గాని చెత్తకు గాని నిప్పు పెట్టరాదు. అది చట్టవిరుద్ధము, అగ్నికాయ హింస కూడ. పాత పేపర్లు, డబ్బాలు గుజరీ అంగడికి అమ్ముకొనువారు అమ్ముకొనవచ్చును. కాని ధర పలుకునదంతా మనము తీసికొని, ధర పలుకనిదే ఏరుకొనువారికి వదలుట న్యాయము కాదు. నెలకొక్కసారియైనను మంచి సరుకును వార్డు కేంద్రమునకే ఇచ్చినచో వారి కూలి గిట్టును.

మూడవది విందు. ప్లాస్టికు పళ్ళెములు, గ్లాసులు, చెంచాలు కర్ణాటకములో 2016లోను, దేశమంతట 2022 జూలైలోను నిషేధింపబడినవి. వాటి స్థానములో వచ్చిన కాగితపు గ్లాసులకు లోపల ప్లాస్టికు పూత ఉండుట చాలామందికి తెలియదు. దీనికి మార్గము సంఘమునకొక స్టీలు పాత్రల భాండారము. వేయి పళ్ళెములు, వేయి గ్లాసులు ఒకసారి చేయించినచో తరములవరకు వచ్చును. గోడమీద చలువరాతిలో పేరు చెక్కించుకొను దాతలు పళ్ళెము మీద పేరు చెక్కించుకొనినను కీర్తి తక్కువ కాదు. ప్రభావనలో పంచు మిఠాయిని కూడ ప్లాస్టికు పొట్లములో ఇయ్యక ఆకులోనో, కాగితములోనో ఇయ్యవచ్చును.

నాలుగవది లెక్క. మన వ్యాపారులకు లెక్క లేనిదే నమ్మకము లేదు. ఏ సందునుండి ఎన్ని కిలోల పొడిసరుకు పోయినది, ఎన్ని రోజులు బండి తప్పినది, ఎన్ని ఇళ్ళు వేరుచేయుచున్నవి అని వ్రాసి, ఏటేట ఈ సంచికలో దాతల జాబితా ప్రక్కన అచ్చు వేయవలెను. తగ్గిన చోట కారణము వెదకవచ్చును.

ఇది అసాధ్యమని అనుకొనువారికి ఒక్క దృష్టాంతము. జపాను దేశములో కమికట్సు అను చిన్న పల్లె 2003లో ఏదియు వృథాగా పారవేయకూడదని తీర్మానించుకొన్నది. అక్కడివారు తమ చెత్తను నలుబదికి మించిన రకములుగా వేరుచేసి తామే కేంద్రమునకు తెచ్చి పెట్టుదురు. వారికి ప్రతిష్ఠాపన సమితి తెలియదు. తెలిసిన మనలను నగరము అడుగునది కొద్ది రకములే.

సామాయికమునకు 48 నిమిషములు కదలక కూర్చొను మనకు, రోజుకు అయిదు నిమిషములు వంటింటిలో నిలుచుట బరువు కాదు. అఠాయి తపస్సు చేసినవారిని ఊరేగించు సంఘము ఈ చిన్న నియమమును కూడ నియమముగా గుర్తించవలెను. రానున్న పర్యూషణములో గురుమహారాజుల ఎదుట ప్రతి కుటుంబము ఒక సంవత్సరమునకు పచ్చక్ఖాణము తీసికొనవలెనని నా ప్రార్థన: కలిపి పారవేయము, వేరుచేసి చేతికిచ్చెదము, తీసికొను చేతికి గాయము కానీయము.

వస్తువును సంపాదించుటలో అస్తేయము చూచినాము. అనుభవించుటలో పరిమాణము చూచినాము. విడిచిపెట్టుటలో కూడ వివేకము చూచిననాడే శ్రావకుని దినచర్య పూర్తియగును. జై జినేంద్ర.